సంచీ సూత్రాలకు సర్వంకష వ్యాఖ్య

అవిఘ్నమస్తు.

గ్రంథారంభంలో విఘ్నేశ్వరుణ్ణి తలుచుకోవడం ఆచారం. ఈ గ్రంథంలో మాత్రం కథ నడిచేదే విఘ్నం మీద. విఘ్నం తొలగిందా, ప్రయాణికుడు ట్రాలీ తోసుకుంటూ బయటికి వెళ్లిపోతాడు, నిర్మాతకు ఆ వారం చూపించడానికి ఏమీ మిగలదు. స్వామిని ఎవరి పక్షాన పిలవాలో తేలక దూరం నుంచి ఒక దండం పెట్టి ముందుకు పోతున్నాను.

మూలం ఏదంటే, ఆస్ట్రేలియాలో ఛానల్ సెవెన్ వారు 2004 అక్టోబరులో మొదలుపెట్టిన ‘బోర్డర్ సెక్యూరిటీ’ అనే దృశ్యకావ్యం. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్, పెర్త్ విమానాశ్రయాలు రంగస్థలాలు. కస్టమ్స్, ఇమిగ్రేషన్, క్వారంటైన్ అధికారులు ధీరోదాత్త నాయకులు. విమానం దిగినవాళ్లంతా ప్రతినాయకులు, నిర్దోషులని తేలేదాకా. బ్రిటన్‌లో దీన్నే ‘నథింగ్ టు డిక్లేర్’ అని పేరు మార్చి చూపించారు. న్యూజీలాండ్, బ్రిటన్, కెనడా వారికి సొంత పాఠాంతరాలూ ఉన్నాయి. ముక్కలు ముక్కలుగా యూట్యూబులోకి వచ్చాక మన ఇళ్లలోకీ చేరింది. రాత్రి కంచం ముందు కూర్చుని ఎవరిదో పెట్టె ఎవరో విప్పుతుంటే చూడడం మా బంధువర్గంలో వ్యసనమైంది. చూస్తే చూశారు. ఆ నేపథ్య స్వరం ఉంది చూశారూ, దాన్ని భరించలేకే ఈ వ్యాఖ్య. గొంతు తగ్గించి, మాటకీ మాటకీ మధ్య ఊపిరి బిగబట్టి, ఈ పెట్టెలో ఏముందో కాసేపట్లో బయటపడబోతోందంటాడు. విరామం తర్వాత బయటపడేవి ఎండుచేపలు. ఆ ఎండుచేపల గండం నుంచి ఒక ఖండం మొత్తం గట్టెక్కినట్టు సంగీతం.

వ్యాఖ్యానానికి నియమాలు ఉన్నాయి. మెదక్ సీమలోని కొలిచెలమవాడు మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. మొదటి సగం పాటిస్తాను. రెండో సగం పాటించాలంటే ఈ వ్యాసం ఇక్కడే ఆగిపోవాలి. ఆయన మాఘకావ్యానికి రాసిన వ్యాఖ్య పేరు సర్వంకష. అంతటినీ ఒరిసి చూసేది అని. పెట్టెలు విప్పే శాస్త్రానికి ఇంతకన్నా తగిన పేరు దొరకదు కనుక అడక్కుండానే తీసుకున్నాను. డిక్లేర్ చేశాను కాబట్టి జరిమానా ఉండదనుకుంటాను.

ఇక సూత్రాలు. ఏ విమానాశ్రయమైనా, ఏ అధికారైనా, ఏ వారమైనా అడిగేవి ఇవే:

ఈ సంచీ మీదేనా?
మీరే సర్దుకున్నారా?
లోపల ఏమున్నాయో మీకు తెలుసా?
ఎవరైనా ఏమైనా ఇచ్చి పంపారా?

మాటలు కొద్ది, అర్థం కొండంత, ఏ వైపు నుంచి చూసినా ముఖం చూపిస్తాయి. సూత్రలక్షణాలన్నీ పట్టాయి. సందేహం ఉండకూడదన్న లక్షణం ఒక్కటే పట్టలేదు. ఇక్కడ సందేహమే పెట్టుబడి.

మొదటి సూత్రం స్పష్టం. (కష్టమైన చోటల్లా ‘స్పష్టం’ అని రాసి వ్యాఖ్యాతలు జారుకుంటారని ఒక అపవాదు ఉంది. నిజమే.)

రెండో సూత్రం కర్తృనిర్ణయం. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివిన అధికారి అయితే ‘సర్దుకున్నారా’ అని అడిగి ఊరుకోడు, ‘సర్దించుకున్నారా’ అని కూడా అడుగుతాడు. తెలుగింట్లో పెట్టె సర్దే క్రియకు కర్త ఏకవచనంలో ఉండదు. అమ్మ చీర మడతల్లో ఆవకాయ సీసా దూరుస్తుంది. అత్తగారు వచ్చి అది తీసి మూత మీద రెండు పొరలు ప్లాస్టిక్ కవరు చుట్టి, పక్కన గోంగూర సీసా కూడా దూరుస్తారు. బాబాయి తూకం యంత్రం మీద ముందు తానొక్కడూ ఎక్కి, తర్వాత పెట్టె ఎత్తుకుని ఎక్కి, తీసివేత లెక్క చేస్తాడు. రెండు కిలోలు ఎక్కువైందని తేలగానే పెట్టెలోంచి బట్టలు బయటికి వస్తాయి, పచ్చళ్లు రావు. ప్రయాణం కట్టిన మనిషి ఆ సమయానికి జిరాక్సుల కోసం బజారులో ఉంటుంది. వీళ్లందరి తరఫునా అవతలి దేశం కౌంటరు దగ్గర ఆ మనిషి ఒక్కతే ‘యెస్’ అనాలి. చట్టానికి ఆ ఒక్క ముక్క చాలు. వ్యాకరణం ఒప్పుకోదు గాని, కౌంటరు దగ్గర వ్యాకరణానికి వీసా లేదు.

మూడో సూత్రం దగ్గర ఆగక తప్పదు. ఏమున్నాయో తెలుసా అని అడిగేవాడు తెలియక అడుగుతున్నాడా, తెలిసి అడుగుతున్నాడా? తెలియక అడిగితే జిజ్ఞాస, తెలిసి అడిగితే పరీక్ష. ఈ కార్యక్రమంలో అధికారి ఎక్స్‌రే తెర చూసి వచ్చాకే అడుగుతాడు. ఆ తెర మీద కర్బన పదార్థాలన్నీ నారింజ రంగులో కనపడతాయి. చింతపండు ముద్ద, బెల్లం అచ్చు, వడియాల మూట, పేలుడు పదార్థం, అన్నిటిదీ ఒకే రంగు. అద్వైతాన్ని ఇంత సులువుగా నిరూపించిన యంత్రం ఇంకొకటి లేదు.

నైయాయికులు ప్రమాణాలు నాలుగన్నారు. ప్రత్యక్షం ఎక్స్‌రే పని. ఉపమానం, నిన్న ఇలాంటి పెట్టెతోనే వచ్చిన ఇంకొకడి కథ. శబ్దం అంటే నమ్మదగినవాడి మాట. ప్రయాణికుడు నమ్మదగినవాడు కాడని మొదటి దృశ్యంలోనే తేల్చేశారు కనుక అది కొట్టుబడి. మిగిలింది అనుమానం. దానిమీదే బండి నడుస్తుంది. ఇతను దోషి, చెమట పట్టింది కనుక. అది ప్రతిజ్ఞ, ఇది హేతువు. చెమట దోషికి పడుతుంది, నిర్దోషికి పడుతుంది, రాత్రంతా మధ్య సీటులో ముడుచుకుని కూర్చుని దిగినవాడికి తప్పకుండా పడుతుంది. సాధ్యం ఉన్నచోటా లేనిచోటా తిరిగే ఇలాంటి హేతువుకి సవ్యభిచారమని పేరు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో పిల్లలకు చెప్పిన హేత్వాభాసాల్లో మొట్టమొదటిది అదే. ఒక్కడే వచ్చాడు, టిక్కెట్టు నిన్ననే కొన్నాడు, నగదు ఇచ్చి కొన్నాడు, కళ్లలోకి చూడడం లేదు. వరసగా నాలుగు హేతువులు, నాలుగూ మొదటి పాఠం దాటనివి. కళ్లలోకి చూడకపోవడం గురించి ఒక మాట చెప్పాలి. మన ఊళ్లలో తహసీల్దారు ముందు నిలబడి కళ్లలోకి సూటిగా చూస్తే పొగరంటారు, పని జరగదు. జీవితమంతా తల వంచి పనులు చేయించుకున్న పెద్దమనిషి, ఆ అలవాటునే విమానమెక్కించుకుని తీసుకెళ్తే, అక్కడ దాన్ని కెమెరా దగ్గరకు లాగి దాపరికంగా చూపిస్తారు.

ఈ మందిలో నిజమైన ఆప్తుడు కుక్క ఒక్కటే. వాసన తగిలితే పెట్టె పక్కన వచ్చి కూర్చుంటుంది, అంతే. ఎవరిది ఏ దేశమో దానికి పట్టదు. విరామం దాకా ఆగదు. తర్వాత కెమెరా ముందుకొచ్చి తనకు మొదటినుంచీ ఏదో తేడాగా అనిపించిందని చెప్పదు.

తెల్లపొడి ప్రకరణం గురించి రెండు ముక్కలు. పెట్టెలో తెల్లపొడి దొరకగానే ఢంకా మోగుతుంది. చేతులకు తొడుగులు వేసుకుంటారు, పొడిని దూదికి అద్ది యంత్రానికి ఇస్తారు, యంత్రం ఆలోచించే లోపల వాషింగ్ పౌడరు ప్రకటన. తిరిగి వచ్చేసరికి అది ఉగ్గుపిండి. రసచర్చలోకి నేను పోను. కార్యక్రమంలో ఉన్న మనిషిది భయానకం, చూసేవాడిది హాస్యం, ఈ రెండూ ఒకే సన్నివేశంలో ఎలా పొసగుతాయో భరతుడు చెప్పలేదు. ఆయన నాట్యంలో భయపడేవాడు నటుడు.

ఇక్కడ పూర్వపక్షి లేచి, ఈ తంతు ఈ టీవీవాళ్లు కనిపెట్టిందా, రాజ్యం పుట్టినప్పటినుంచీ లేదా అని అడగవచ్చు. ఉంది. ఎలా ఉందో చెప్పడానికి కొంచెం పక్కకు పోతాను.

మైసూరులో ఆర్. శామశాస్త్రి గారు తాటాకుల్లోంచి వెలికితీసి 1909లో అచ్చు వేయించిన కౌటిలీయ అర్థశాస్త్రంలో, రెండో అధికరణంలో, శుల్కాధ్యక్షుడని ఒకడున్నాడు. నగరద్వారం దగ్గర, తూర్పుకో ఉత్తరానికో ముఖం పెట్టి, జెండా కట్టి సుంకశాల నిలపాలి. నలుగురైదుగురు గుమాస్తాలు కూర్చుని, వచ్చిన బేహారి ఎవరు, ఎక్కడివాడు, సరుకెంత, మొదటి ముద్ర ఎక్కడ పడింది, అన్నీ రాసుకోవాలి. ముద్ర లేకపోతే సుంకం రెట్టింపు, దొంగముద్ర అయితే ఎనిమిది రెట్లు. పక్కనే ముద్రాధ్యక్షుడనే ఇంకొకడు మాషకం పుచ్చుకుని రాకపోకలకు ముద్ర ఇస్తాడు. అది లేకుండా దాటితే పన్నెండు పణాలు. ఇంతవరకూ పాస్‌పోర్టు, వీసా, కార్డు. కొత్తేమీ లేదు.

అసలు ముచ్చట తర్వాత ఉంది. వర్తకుడి వేషంలో ఉన్న చారుడు బిడారులో ఎంత సరుకుందో ముందుగానే రాజుకు చేరవేస్తాడు. రాజు ఆ సంగతి శుల్కాధ్యక్షుడికి చెబుతాడు. అధ్యక్షుడు బిడారుకు ఎదురెళ్లి, ఫలానావాడి దగ్గర ఇంత మేలిసరుకు, ఫలానావాడి దగ్గర ఇంత నాసిసరుకు ఉంది, దాచకండి, ఇది రాజుగారి మహిమ అని ప్రకటిస్తాడు. ఎందుకీ నాటకమంటే, రాజు సర్వజ్ఞుడని చాటడానికి అని కౌటిల్యుడు దాపరికం లేకుండా రాశాడు. సర్వజ్ఞఖ్యాపనం అన్నాడు. నేపథ్య స్వరానికి ఇంతకన్నా మంచి నిర్వచనం నాకు దొరకలేదు. తేడా అల్లా, కౌటిల్యుడు దాన్ని సుంకశాల గుమ్మంలో, సుంకం కట్టాల్సినవాడి ముందు మాత్రమే ఆడించాడు. ఆ బేహారి భయపడుతుంటే చూడమని పాటలీపుత్రంలో గడపగడపకూ తీసుకెళ్లి చూపించలేదు. మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? శంషాబాద్‌లో బంగారం పట్టుబడిన మర్నాడు పేపరు చూడండి, బల్ల మీద బిస్కెట్లు బారులు తీర్చి ఫొటో. అయితే అందులో కనపడేది బంగారం. మనిషి ఏడుపు కనపడదు.

ఇంకొక చిన్న సంగతి దాటలేకపోతున్నాను. కౌటిల్యుడు కొన్ని సరుకులకు సుంకం లేదన్నాడు. పెళ్లి సరుకు, పెళ్లికూతురి వెంట వచ్చే సారె, కానుకలు, యజ్ఞానికి, దేవపూజకు, చౌలానికి, ఉపనయనానికి, ప్రసవానికి పట్టుకెళ్లేవి. ప్రసవానికి అన్న మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని అవసరం పడుతుంది. రాజ్యానికి చెరుపు చేసే సరుకు ఆపెయ్యమన్నాడు, మేలు చేసేదాన్నీ అరుదైన విత్తనాన్నీ సుంకం లేకుండా రానివ్వమన్నాడు. విత్తనం పేరు చెబితే ఇవాళ సిడ్నీ క్వారంటైన్ బల్ల దగ్గర పడే గుండెదడ ఆయనకు తెలియదు. అంతా చెప్పి, మినహాయింపు కోసం అబద్ధమాడితే దొంగకు పడే శిక్షే పడుతుందని కూడా కలిపాడు. మెత్తని మనిషేమీ కాదు.

మెత్తని మనిషిని చూడాలంటే మోటుపల్లి వెళ్లాలి. బాపట్ల జిల్లాలో, చినగంజాం పక్కన, సముద్రానికి దగ్గర్లో ఇప్పుడు నిద్రపోతున్న ఊరు. ఒకప్పుడు రేవు. మార్కో పోలో దీన్ని ముత్ఫిలి అన్నాడు, ఇక్కడి సన్నబట్టల నేత చూసి ముచ్చటపడ్డాడు. ఇక్కడి వీరభద్రస్వామి గుడిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం ఉంది. అభయశాసనమంటారు. కస్టమ్స్ నోటీసుకు ఆ పేరు ఏ దేశంలోనైనా పెట్టగా విన్నారా?

దాని సంగతి ఇది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయే ఓడలు గాలివానకు చిక్కి, పగిలి, కానిచోట ఒడ్డుకు కొట్టుకొస్తే, పూర్వపు రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కునేవాళ్లు. మేం అలా చెయ్యం, ప్రాణం కన్నా ధనం గొప్పదనుకుని ఇంత సముద్రం దాటి వచ్చేవాళ్ల మీద జాలితో, ధర్మం కోసం, కీర్తి కోసం, నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా వదిలేస్తున్నాం అన్నాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైకి ఒకటి. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, జవ్వాది, పగడం, రాగి, సీసం, పట్టునూలు, మిరియం, దేని లెక్క దానిదే, రాతిమీద, ఎవరైనా చదువుకునేలా. ఆ జాబితా చదువుతుంటే నాకు ముక్కుపుటాలకు వాసన తగులుతుంది. రాజు కీర్తికాముకుడే. ఖజానా మీద ఆశ ఉన్నవాడే. కానీ ఓడ దిగిన పరాయివాడు ముందు ప్రాణాలతో బయటపడ్డవాడని, భయంతో ఉన్నాడని, అతనికి మొదట చెప్పాల్సిన మాట భయపడకు అని, ఆయనకు తట్టింది. కాకతీయులు పోయాక 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవులో ఆ భరోసాను కొత్తగా చెక్కించాడు. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఏ కవిపోషక చక్రవర్తికో అనుకునేరు, ఓడల మీద సుగంధద్రవ్యాలు తెప్పించిన అవచి తిప్పయ్యసెట్టికి. కృష్ణరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ రేవులు బాగుచేయించమని, తుఫానుకో జబ్బుకో అలిసి ఒడ్డుకు చేరిన విదేశీయుల్ని వాళ్లకు తగినట్టు చూసుకోమని రాశాడు. ఏనుగులు, గుర్రాలు తెచ్చే దూరదేశపు వర్తకులకు మంచి ఇళ్లిచ్చి కొలువులో గౌరవించమన్నాడు, లేకపోతే ఆ గుర్రాలు శత్రువు లాయంలో తేలతాయి కనుక. దయలో లెక్క ఉంది. ఉంటే ఏం? లెక్కలో దయ లేకుండా పోవడం కన్నా మేలే.

ఎక్కడ బయలుదేరామో చూసుకుంటే ఆస్ట్రేలియా కనుచూపు మేరలో లేదు. ప్రకృతానికి వద్దాం.

నాలుగో సూత్రం, ఎవరైనా ఏమైనా ఇచ్చి పంపారా. తెలుగువాళ్ల విషయంలో ఇది అడగక్కర్లేని ప్రశ్న. మెల్‌బోర్న్ ప్రయాణమని తెలిసిన మర్నాడే వీధి చివరి సుబ్బారావు గారు వస్తారు. మా వాడు కూడా అక్కడే, పెర్త్‌లో, కాస్త ఈ కారప్పొడి అందించండి అంటారు. మెల్‌బోర్న్‌కీ పెర్త్‌కీ మధ్య దాదాపు 2,700 కిలోమీటర్లు. పొట్లంలో కారప్పొడితోపాటు ఇంకేముందో సుబ్బారావు గారికి తెలియదు, వాళ్లావిడ సర్దారు. ఆవిడ అడుగున కరివేపాకు పెట్టారు, ఇంటి పెరట్లోది, పచ్చిది, తడిగుడ్డలో చుట్టి.

న్యాయంగా మాట్లాడాలి. ఆ కరివేపాకును అధికారి లాక్కుంటే తప్పు పట్టను. నిమ్మ, బత్తాయి జాతి చెట్లను ఎండబెట్టి చంపే గ్రీనింగ్ తెగులు ఉంది. దాన్ని మోసుకు తిరిగే చిన్న పురుగుకి కరివేపాకు ఇష్టమైన ఆశ్రయం. ఆస్ట్రేలియాలో ఆ తెగులు లేదు. క్వీన్స్‌లాండ్‌లోని ఎమరాల్డ్ అనే ఊళ్లో 2004లో, అంటే ఈ కార్యక్రమం పుట్టిన ఏడాదే, నిమ్మజాతికి వచ్చే కాంకర్ తెగులు కనపడితే దాన్ని ఆపడానికి దాదాపు అయిదు లక్షల చెట్లు నరికేశారు. అనంతపురం, నల్లగొండ బత్తాయి రైతులకు ఆ బాధ చెప్పక్కర్లేదు. బియ్యం సంగతీ అంతే. మన ఉపఖండంలో పుట్టిందనే ఖప్రా పురుగు గోనెసంచి కుట్టులో, చెక్కపెట్టె పగులులో తిండి లేకుండా ఏళ్లు గడుపుతుంది, గిడ్డంగిలో పడితే ధాన్యం పొట్టు మిగులుతుంది. కనుక సోదా ఉండాలి. కుక్క కూర్చోవాలి. కరివేపాకు పోవాలి. నా పేచీ కరివేపాకు గురించి కాదు, కెమెరా గురించి.

కౌటిల్యుడి ప్రసవ మినహాయింపు గుర్తుంచుకోమన్నాను. కూతురికి పురుడు పోయడానికి ఒక అమ్మ బయలుదేరిందనుకోండి. పెట్టెలో శొంఠిపొడి, కాయం, వాము, వెల్లుల్లి కారం, పాత చీరల మెత్తలు. విమానంలో చేతికి ఒక కార్డు ఇస్తారు. మాంసం, గుడ్లు, పాలపదార్థాలు, పళ్లు తెస్తున్నారా? గింజలు, మొక్కల భాగాలు, సంప్రదాయ మందులు? గత 30 రోజుల్లో పొలాలకు గాని, పశువుల దగ్గరకు గాని వెళ్లారా? ఆ తల్లి ఉండేదే పొలం గట్టున. బయలుదేరేరోజు పొద్దున కూడా గేదె పాలు తనే పితికింది. ఆమె ఏమని రాయాలి? పక్కసీటు కుర్రాడు, అన్నిటికీ ‘నో’ పెట్టెయ్యండి ఆంటీ, ఏ గొడవా ఉండదు అంటాడు. ఆమె పెట్టేస్తుంది. ఆమెకు ఆ సలహా సబబుగా తోస్తుంది, ఎందుకంటే మన ఆఫీసుల్లో ఆమె నేర్చుకున్న విద్య అదే. రేషన్ కార్డయినా, పెన్షనైనా, అడిగినదానికి ఎక్కువ చెబితే ఇంకో కాగితం అడుగుతారు. ఇక్కడ ధర్మం తలకిందులు. ‘అవును’ అని టిక్కు పెట్టి చూపిస్తే, పోతే సరుకు పోతుంది, జరిమానా ఉండదు. ‘కాదు’ అని రాసి దొరికితే తప్పుడు ప్రకటన. కార్యక్రమం తొలిరోజుల్లో ఆ జరిమానా 220 డాలర్లు, ఇప్పుడు తీవ్రతను బట్టి వేలల్లోకి పోతుంది. 2019 అక్టోబరులో వియత్నాం నుంచి సిడ్నీలో దిగిన ఒక మహిళ పెట్టెలో చెప్పకుండా తెచ్చిన పచ్చి పందిమాంసం, మరికొంత తిండి దొరికితే పర్యాటక వీసానే రద్దుచేసి వెనక్కి పంపేశారు. ఈ కారణం మీద అలా చెయ్యడం అదే మొదలు.

ఆ తల్లి దొరుకుతుంది. బల్ల మీద శొంఠిపొడి పరుస్తారు. ఒక యువకుడు పెద్ద కెమెరా పట్టుకుని, ఇంకొకడు పొడుగాటి కర్రకి మైకు కట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్లు ప్రభుత్వమో, టీవీనో ఆమెకు తెలియదు. అధికారికి దుబాసీ ఫోన్‌లో దొరుకుతాడు, కెమెరాకు దుబాసీ ఉండడు. ఎవరో ఒక కాగితం మీద సంతకం చేయమంటే చేస్తుంది. పాస్‌పోర్టు చేతిలో పట్టుకున్నవాడు పక్కనుండగా పెట్టే సంతకానికి సమ్మతి అని పేరా? ముఖం మసక చేశామంటారు. చీర మసక అవదు, గొంతు మసక అవదు, ఊళ్లో వాళ్లకు ఆ రెండూ చాలు. అధికారి మాత్రం తర్వాత వేరే గదిలో, వెలుతురు చక్కగా పడేచోట నిలబడి, ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో, తనకేమనిపించిందో తీరిగ్గా చెబుతాడు. ఆమె పక్షం వినడానికి ఆ గదిలో కుర్చీ వెయ్యరు.

ఈ మాట నేనొక్కణ్ణే అనడం లేదు. 2013 మార్చిలో కెనడా పాఠాంతరం వారు వాంకూవర్‌లో భవన నిర్మాణం జరుగుతున్నచోట కూలీల మీద ఇమిగ్రేషన్ దాడికి కెమెరాలు వెంటపెట్టుకుని వెళ్లారు. పట్టుబడ్డ మెక్సికో కార్మికుడి తరఫున బ్రిటిష్ కొలంబియా పౌరహక్కుల సంఘం ఫిర్యాదు చేసింది. 2016లో ఆ దేశపు ప్రైవసీ కమిషనర్, అలాంటి పరిస్థితిలో తీసుకున్న సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చినదని చెప్పలేమని తేల్చాడు. సరిహద్దు సంస్థ ఆ కార్యక్రమం నుంచి తప్పుకుంది. కెనడా సరిహద్దు ఆ తర్వాతా చెక్కుచెదరకుండానే ఉంది. కెమెరా లేకపోతే రక్షణ లేదన్న వాదానికి ఇది బాధకం.

పూర్వపక్షి ఇంకా కూర్చోలేదు. ఇవన్నీ చూసి జనం నేర్చుకుంటారు, మళ్లీ తేరు, అదే ప్రయోజనం అంటాడు. నేర్పడమే ప్రయోజనమైతే శంషాబాద్‌లో, గన్నవరంలో చెక్-ఇన్ వరస పక్కన తెలుగులో ఒక పలక చాలు. పచ్చి కరివేపాకు వద్దు, పాలకోవా వద్దు, పొలం నుంచి వస్తుంటే చెప్పులు కడుక్కోండి, అనుమానం ఉంటే ‘అవును’ అని టిక్కు పెట్టండి. నాలుగు పంక్తులు. గణపతిదేవుడికి రాయి దొరికింది, మనకు ఫ్లెక్సీ దొరకదా? కానీ పలక చదివి ముందే తీసేసినవాడి పెట్టెలో ఏమీ ఉండదు. ఏమీ లేని పెట్టెను ఏ ఛానలూ కొనదు. తప్పు జరిగేదాకా ఆగి, జరిగాక సంగీతం వెయ్యడంలోనే డబ్బుంది. ప్రయాణికుడి అజ్ఞానం ఈ వ్యాపారానికి ముడిసరుకు. దానిమీద ముప్పైకి ఒకటి చొప్పున కూడా ఎవరూ సుంకం కట్టడం లేదు. సర్వజ్ఞత్వం చాటుకోవడానికి కౌటిల్యుడి రాజు కనీసం చారుడికి జీతమిచ్చాడు. ఇక్కడ ఆ తల్లి ఉత్తపుణ్యానికే నటిస్తోంది.

మొదటి సూత్రం స్పష్టమని తప్పుకున్నాను గనుక దాని బాకీ ఒకటి ఉండిపోయింది. ఈ సంచీ మీదేనా అని అడిగినప్పుడు అవునంటే, సంచీ ఆమెదే. మరి ఆ సంచీ విప్పిన దృశ్యం ఎవరిది? ఎన్నిసార్లు ప్రసారం చేసినా, ఎన్ని దేశాలకు అమ్మినా, పేరు మార్చినా, ముక్కలు చేసి యూట్యూబులో పెట్టినా, ఆమెను మళ్లీ అడగరు. సూత్రకారుడు దీన్ని సంచీతోనే ఆపేశాడు. వార్తికకారుడెవరైనా ఉంటే పూరించాలి.

ఫలశ్రుతి. ఈ వ్యాఖ్యను ప్రయాణానికి ముందు ఎవరు చదువుతారో, ఇంట్లోవాళ్లకు వినిపిస్తారో, వాళ్లు కార్డులో ‘అవును’ దగ్గర టిక్కు పెట్టి, ఎర్రబల్ల దగ్గరకు తామే వెళ్లి పెట్టె తెరిచి, నేపథ్య స్వరానికి పనిలేకుండా చేస్తారు. శొంఠిపొడి దక్కితే దక్కుతుంది. కెమెరా అబ్బాయి దగ్గరకొస్తే అక్కర్లేదు నాయనా అని చెప్పే హక్కు ఉందని తెలుసుకుని, చెబుతారు. పచ్చి కరివేపాకు మాత్రం ఎంత టిక్కు పెట్టినా దక్కదు. సుబ్బారావు గారి ఆవిడకు బయలుదేరేముందే చెప్పెయ్యండి.